కుళాయి చప్పుడు

“ఫిల్టరు ఎవరు కడుగుతారు?” అని అడిగాడు డిటెక్టివ్.

అంతవరకు చేపల ప్రదర్శనశాల ట్రస్టీ తన ఇంటి హాల్లో సోఫాలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని, నల్లేరు మీద బండిలా జవాబులు చెప్పుకుంటూ వచ్చాడు. చేపల పిన్ని తెలుసా అంటే, ప్రదర్శనశాలలో ఎప్పుడో ముఖం చూసి ఉంటానేమో అన్నాడు. ఆమె ఈ ఇంటికి ఎప్పుడైనా వచ్చిందా అంటే, గడప కూడా తొక్కలేదన్నాడు. ఇంట్లో ఇంకెవరున్నారంటే, వంటమనిషినీ తోటమాలినీ పదిహేను రోజుల కిందటే సెలవు మీద పంపించేశాననీ, తానొక్కడే ఉంటున్నాననీ చెప్పాడు. ఈ ప్రశ్న దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాడు.

“నేనే కడుగుతాను. నా చేపల మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వను,” అన్నాడు.

పక్క కుర్చీలో ఉన్న ఇన్‌స్పెక్టర్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. “దొంగను పట్టుకోవడానికని వచ్చి ఫిల్టర్ల గురించి అడుగుతారేమిటి తమ్ముడుగారూ? తొట్టెలో ఎన్ని బిందెల నీళ్ళు పడతాయో కూడా అడుగుతారా?”

“అవసరమైతే అదీ అడుగుతాను అన్నయ్యగారూ,” అన్నాడు డిటెక్టివ్.

వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళు. వయసులో డిటెక్టివే పెద్ద. కానీ ఇన్‌స్పెక్టర్ చేసుకున్నది అక్కను, డిటెక్టివ్ చేసుకున్నది చెల్లెల్ని. అందుచేత వరసకు ఇన్‌స్పెక్టరే పెద్దవాడయ్యాడు. ఆ పెద్దరికాన్ని అతను ఏనాడూ వృథా పోనివ్వలేదు. అత్తవారింట్లో ఇద్దరూ పక్కపక్కన భోజనానికి కూర్చున్నప్పుడు ఎవరి కేసు ఎంతవరకు వచ్చిందో అడగడం మామగారికి సరదా. ఆ పూటల్లో డిటెక్టివ్ తల వంచుకుని తిని లేచిపోయిన సందర్భాలే ఎక్కువ.

ఈసారి తేలవలసింది అల్లుళ్ళ గొప్ప కాదు. ఒక మనిషి ప్రాణం, ఆమె పరువు.

చేపల ప్రదర్శనశాలలో ఒక నీలిరంగు జంట ఉండేది. ఎక్కడో లోతు నదుల్లో తప్ప కనబడని జాతి. తొట్టెల్లో పెంచితే బతకడమే గగనం, గుడ్లు పెట్టిన దాఖలా ఇంతవరకు ఎక్కడా లేదు. రెండు వారాల కిందట ఒక ఉదయం ఆ తొట్టె ఖాళీగా కనబడింది. దాన్ని చూసుకునే ఆవిడ కూడా ఆ రోజు నుంచే కనబడలేదు. పాతికేళ్ళుగా ప్రదర్శనశాలలో పనిచేస్తున్న ఆవిడను అందరూ చేపల పిన్ని అనే పిలిచేవారు. పిన్నే జంటను ఎత్తుకుపోయిందని ప్రదర్శనశాల ఇన్‌చార్జి ఫిర్యాదు ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ ఆ మాట నమ్మి, ఆవిడ ఫోటో కింద ‘చేపల దొంగ’ అని రాయించి పేపర్లన్నిటికీ పంపించాడు.

పిన్నికి ఒక్కతే కూతురు. సిటీ బస్సులో కండక్టరు. మీ అమ్మ ఆ చేపల్ని కూర వండేసిందా అని ఒక ప్రయాణికుడు అడిగిన రోజు, ఆ పిల్ల డ్యూటీ దిగి, యూనిఫారంతోనే, భుజాన టిక్కెట్ల సంచీతోనే డిటెక్టివ్ గదికి వచ్చింది. ఏడవలేదు. “ముందు మా అమ్మను వెతికిపెట్టండి. దొంగో కాదో ఆ తర్వాత చూసుకుందాం,” అంది.

ఆ తర్వాత అతను అడిగినవాటికీ అడగనివాటికీ కూడా జవాబులు చెప్పింది. అమ్మ తనను కొట్టింది జన్మలో ఒక్కసారేనట. చిన్నప్పుడు సాయం చేద్దామని ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పెట్టినందుకు. ఆ స్పాంజి మురికిని పట్టే గుడ్డ ఒక్కటే కాదనీ, అందులో కంటికి కనబడని బాక్టీరియా కాపురముంటుందనీ, చేపల మలమూత్రాల్లోని విషాన్ని విరిచేది అదేననీ అమ్మ చెప్పేదట. కుళాయి నీళ్ళలో కలిపే క్లోరిన్ ఆ బాక్టీరియాను చంపుతుంది. సబ్బయితే మరీ ఘోరం. అప్పుడు చేప తన విషంలో తానే ఉక్కిరిబిక్కిరై పోతుంది. అందుకని పిన్ని ముందు తొట్టెలోంచే కాసిని నీళ్ళు బకెట్లోకి తోడి, ఆ నీళ్ళలోనే స్పాంజిని మెల్లగా పిండేది. రెండు స్పాంజీలుంటే ఒకసారి ఒకటే. రెండోది మళ్ళీ ఎప్పుడో.

ట్రస్టీ దగ్గరికి రావడానికి కారణం వేరే ఉంది. ఆ నీలి జంటను కొన్నాళ్ళు తన ఇంట్లో ఉంచమని ప్రదర్శనశాల కమిటీని పదేపదే అడిగి, పదేపదే లేదనిపించుకున్నవాడు ఆయనే. డిటెక్టివ్ అక్కడికి వెళుతున్నాడని తెలిసి, అంత పెద్దమనిషిని ఎక్కడ ఇబ్బంది పెడతాడోనని ఇన్‌స్పెక్టర్ కూడా వెంటబడి వచ్చాడు.

“ఎలా కడుగుతారో చెబుతారా?” అన్నాడు డిటెక్టివ్.

ట్రస్టీ ఈసారి తడుముకోలేదు. “ప్రతి ఆదివారం స్పాంజీలు రెండూ బయటికి తీస్తాను. వెనక గదిలో సింకు ఉంది. కుళాయి బాగా తిప్పి, సబ్బు పొడి వేసి, తెల్లగా వచ్చేదాకా రుద్దుతాను. మనం తినే కంచం కంటే శుభ్రంగా ఉంటాయి.”

“మొన్న ఆదివారం కూడానా?”

“ఒక్క వారం తప్పను.”

డిటెక్టివ్ లేచి, ఒకసారి చూడవచ్చా అని అడిగాడు. ట్రస్టీ నవ్వి, నిక్షేపంగా చూడమన్నాడు.

హాలు గోడ పొడవునా ఉన్న తొట్టెలో డిస్కస్ చేపలు పళ్ళేల్లా గుండ్రంగా, నిదానంగా తిరుగుతున్నాయి. డిటెక్టివ్ అద్దానికి వేలు ఆనించగానే మేత వేస్తాడనుకుని అన్నీ ఒక్కచోటికి చేరాయి. రంగు తగ్గలేదు. రెక్క ముడవలేదు. ఊపిరికోసం పైకి లేచి నోరు తెరుస్తున్నది ఒక్కటీ లేదు. నీటిమట్టం మాత్రం మూత అంచుకు నాలుగు వేళ్ళు కిందికి ఉంది. ఆ పైన అద్దం మీద ఇంకా ఆరని తడి.

అతను చొక్కా చేతులు మడిచి, వెనక తగిలించిన ఫిల్టరు పెట్టె మూత తీశాడు. లోపల రెండు స్పాంజీలు. ఒకటి ముదురు గోధుమరంగులో బరువుగా, జిగురుగా ఉంది. రెండోది కూడా గోధుమరంగే, కానీ దాని రంధ్రాలు తెరుచుకుని, తేలికగా ఉంది. రెంటినీ వాసన చూశాడు. సబ్బు వాసన లేదు. తడిమట్టి వాసన వేసింది. ఎలా తీశాడో అలాగే పెట్టి మూత వేశాడు.

ఆ తర్వాత వెనక గదిలోకి వెళ్ళాడు. సింకులో నీటి చుక్క లేదు. నీళ్ళు పోయే కన్నం మీద సాలెపురుగు తీరిగ్గా గూడు కట్టుకుని ఉంది. సింకు కింద బకెట్టులో బురదరంగు నీళ్ళున్నాయి. మడ్డి ఇంకా అడుక్కి దిగలేదు, నీళ్ళలో మెల్లగా సుడులు తిరుగుతోంది. డిటెక్టివ్ వంగి, సింకు గొట్టం ఎటు పోతున్నదో చూశాడు. నేలమట్టం మీద కట్టిన ఇంట్లో ఆ గొట్టం గోడలోంచి తోటలోకి పోవాలి. ఇది గోడ వైపుకే వెళ్ళలేదు. తిన్నగా నేలలోకి దిగిపోయింది. అంటే కింద ఇంకో గది ఉంది.

అతనికి ఆ క్షణంలో ఒళ్ళంతా తేలికైనట్లనిపించింది. పిన్ని బతికే ఉంది. ఇవాళ, బహుశా తాము కాలింగ్ బెల్లు కొట్టడానికి కాస్త ముందు, ఆ స్పాంజిని పిండింది ఆమె చెయ్యే. ఈ పెద్దమనిషి చెప్పినట్లు నిజంగా చేసి ఉంటే ఆ చేపల్లో సగం ఈపాటికి నీళ్ళ మీద తేలుతూ ఉండేవి.

హాల్లోకి వచ్చి ఆ మాటే చెప్పాడు. పిన్ని పేరెత్తలేదు. ఆ ఫిల్టరును మీరు కడగలేదు, కడగడం తెలిసినవాళ్ళెవరో ఇవాళే కడిగారు, ఎవరు వాళ్ళు, అని మాత్రం అడిగాడు. ట్రస్టీ ముఖం గంటు పెట్టుకుని, వంటమనిషి కడిగి ఉంటాడన్నాడు. వంటమనిషి సెలవులో ఉన్నాడని మీరే అన్నారు కదా అని డిటెక్టివ్ గుర్తుచేశాడు. ట్రస్టీ అతనికి జవాబు చెప్పడం మానేసి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. ఇది విచారణా, లేక చేపల పెంపకం మీద ఉపన్యాసమా అని అడిగాడు. మీ పై అధికారీ నేనూ ఒకే కమిటీలో ఉన్నాం, ఈ సంగతి ఆయన చెవిన వేయమంటారా అని కూడా అడిగాడు.

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్‌ను రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కుపోయాడు.

“స్పాంజి మురికిగా ఉందని చెప్పి సోదా వారెంటు అడిగితే మేజిస్ట్రేటు నన్నూ ఆ తొట్టెలోనే వదిలేస్తాడు. ఆడమనిషి చేపల్ని పట్టుకుని ఊరు దాటిపోయింది. నేను స్టేషన్లన్నిటికీ ఫోటో పంపాను. మీరేమో ఇక్కడ మురికి వాసన చూస్తున్నారు.”

“ఆవిడ ఈ ఇంట్లోనే ఉంది, ఆ సింకు కింద,” అన్నాడు డిటెక్టివ్.

“చూశారా?”

“చేపల్ని చూశాను.”

ఇన్‌స్పెక్టర్ కాసేపు అతనివంక పిచ్చివాణ్ణి చూసినట్లు చూశాడు. మరి ఆ మహాతల్లి ఎందుకు అరవడం లేదన్నాడు. ఎందుకు అరవడం లేదో తనకూ తెలియదనీ, కానీ అరిపించే దారి ఒకటి తెలుసనీ డిటెక్టివ్ చెప్పాడు. వారెంటు అక్కర్లేదు, బీరువా తాళం అక్కర్లేదు. ఒక్క పది నిమిషాలు మీరు నోరు మెదపకుండా నా వెనక నిలబడితే చాలు అన్నాడు. అది తేలకపోతే మామగారి ఎదుట ఏం ఒప్పుకోమన్నా ఒప్పుకుంటానని కూడా అన్నాడు. ఈ ఆఖరి మాట ఇన్‌స్పెక్టర్‌కు బాగా నచ్చినట్లుంది. సరేనని తలూపాడు.

డిటెక్టివ్ లోపలికి వచ్చి చేతులు జోడించి ట్రస్టీకి క్షమాపణ చెప్పుకున్నాడు. తాను తొందరపడ్డాననీ, ఎలా కడుగుతారో ఒక్కసారి చేసి చూపిస్తే వాఙ్మూలంలో అలాగే రాసుకుని వెళ్ళిపోతాననీ అన్నాడు. ట్రస్టీ తొట్టె వైపు నడవబోతే అడ్డుపడి, పాతవి ఎందుకు కదిలించడం, ఇదిగో ఈ అలమారలో కొత్త స్పాంజీ ఉంది, దానితోనే చూపించండి అని ప్యాకెట్టు చింపి చేతికిచ్చాడు. పీడ విరగడవుతుందనుకుని ట్రస్టీ ఆ స్పాంజీ తీసుకుని వెనక గదిలోకి నడిచాడు.

కుళాయి మొదట దగ్గింది. తర్వాత తుప్పునీళ్ళు కక్కింది. ఆ తర్వాత ధార సాలెగూటిని చీల్చుకుని భళ్ళున సింకులో పడింది.

“సబ్బు పొడి ఇంకొంచెం వేయండి,” అన్నాడు డిటెక్టివ్, చెవిటివాళ్ళతో మాట్లాడుతున్నంత గట్టిగా. “ఫిల్టరులో స్పాంజీలు రెండూ ఒకేసారి ఉతికేయండి. తెల్లగా రావాలి. జిగురంతా పోయేదాకా గట్టిగా రుద్దండి.”

ట్రస్టీ రుద్దడం మొదలుపెట్టాడు. రెండు చేతులు తిప్పేసరికి అతనికి ఏదో తట్టింది. చెయ్యి ఆగింది. గొట్టం వైపు చూశాడు, డిటెక్టివ్ ముఖంలోకి చూశాడు. కుళాయి కట్టేయడానికి చెయ్యి చాచాడు. డిటెక్టివ్ ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని అలాగే ఉంచాడు.

అప్పుడు కాళ్ళ కింద నుంచి, ఇనుముతో గొట్టాన్ని బాదుతున్న చప్పుడు వినబడింది. ఆగకుండా, పిచ్చెత్తినట్లు బాదుతున్నారు. ఆ మోత వెనకే ఒక ఆడమనిషి గొంతు.

“కుళాయి కట్టేయండయ్యా. కుళాయి కింద పెట్టొద్దు, చచ్చిపోతాయి. మీ కాళ్ళు పట్టుకుంటాను, కట్టేయండి.”

డిటెక్టివ్ కుళాయి కట్టేశాడు. ఇన్‌స్పెక్టర్ తోడల్లుడి వైపు చూడలేదు. తిన్నగా ట్రస్టీ దగ్గరికి వెళ్ళి, సబ్బు నురగతో ఉన్న ఆ రెండు చేతులకే బేడీలు వేశాడు. జీపులోంచి కానిస్టేబుల్‌ను పిలిచి కాపలా పెట్టి, “దారెటు?” అని ఒక్క మాట అడిగాడు. ట్రస్టీ గడ్డంతో చూపించిన, చేప మేత డబ్బాలు పేర్చిన అలమారను ఇద్దరూ కలిసి జరిపితే దాని వెనక కిందికి మెట్లు కనబడ్డాయి.

కింద గది చిన్నది, శుభ్రంగా ఉంది. మూడువైపులా నల్లగుడ్డ కట్టిన తొట్టెలో నీలి జంట ఉంది. పక్కన ఒక చాప, మంచినీళ్ళ కూజా. పిన్ని పొట్టి మనిషి. నెరిసిన జుట్టును వలదారంతో ముడేసుకుంది. చేతిలో పానా ఇంకా అలాగే ఉంది. వచ్చినవాళ్ళెవరని ఆమె అడగలేదు. కుళాయి కింద పెట్టిన స్పాంజి ఏదని అడిగింది.

డిటెక్టివ్ పైకెళ్ళి దాన్ని తెచ్చి ఇచ్చాడు. ఆమె నలిపి చూసింది, వాసన చూసింది.

“ఇది కొత్తది,” అంది.

“కొత్తదేనమ్మా. మీరు పిండినవి మీరు పెట్టినచోటే ఉన్నాయి. మీ అమ్మాయి అన్నీ చెప్పే పంపించింది.”

పిన్ని మెట్టు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి తేరుకుని జరిగిందంతా చెప్పింది. అరవడం తనకు రాక కాదు. అరిస్తే జంట తొట్టెకు కరెంటు తీసేస్తానని ఆయన బెదిరించాడు. గాలి అందకపోతే అవి గంటసేపు కూడా ఉండవు. పైకి ఎవరు వచ్చినా ఆయన మనుషులే అనుకుని నోరు కట్టుకు కూర్చుంది. వచ్చిన కొత్తలో హాల్లో చేపలు నీరసపడ్డాయని ఆయనే ఫిల్టరు తెచ్చిస్తే, వాటి తప్పేముందని అప్పటినుంచి అదీ చేసిపెడుతోంది. ఇందాక కుళాయి చప్పుడు విన్నప్పుడు మాత్రం ముందూ వెనకా ఏమీ తోచలేదట.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకుని ఆమె ఎదుట నిలబడ్డాడు. పేపర్లో ఫోటో కింద ఆ మాట రాయించింది తానేననీ, రేపు అదే పేపర్లో, అంతే పెద్ద అక్షరాలతో, ఆమెను దాచినవాడి పేరూ తన పొరపాటూ రెండూ వేయిస్తాననీ చెప్పాడు. అతను అంతసేపు ఎవరికైనా సంజాయిషీ చెప్పుకోవడం డిటెక్టివ్ ఎప్పుడూ చూడలేదు. ఆమె అన్నీ విని, సరే నాయనా, ముందు ఇది చూడండి అంటూ నల్లగుడ్డ తొలగించింది.

తొట్టెలో ఒక పలకరాయి మీద ఆవగింజలంత గుడ్లు పరుచుకుని ఉన్నాయి. మగచేప వాటి ఎదుట నిలబడి రెక్కలతో మెల్లగా విసురుతోంది. ఎక్కడా గుడ్లు పెట్టని జాతి, తాళం వేసిన గదిలో, ఈమె చేతి కింద పెట్టింది. డిటెక్టివ్ తన ఊపిరి తగిలితే ఏమవుతుందోనన్నట్లు వెనక్కి తగ్గాడు.

గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చేదాకా జంటను కదపడానికి వీల్లేదనీ, తాను ఇక్కడే ఉంటాననీ పిన్ని తేల్చిచెప్పింది. ఇన్‌స్పెక్టర్ కాపలాకు ఇద్దరు కానిస్టేబుళ్ళను పెడతానన్నాడు. నీళ్ళ బకెట్లు మోయగలిగినవాళ్ళను చూసి పెట్టమని ఆమె అంది.

డిటెక్టివ్ పిన్ని కూతురికి ఫోన్ చేశాడు. ఆమె బస్సులో ఉంది. అటునుంచి ఇంజను మోత, టిక్కెట్టు కోసం ఎవరో కేకేయడం వినబడుతున్నాయి. అతను ఒక్క మాట చెప్పి ఫోన్ పిన్నికిచ్చాడు. తల్లి “ఏమే” అన్నది, అంతే. ఆ తర్వాత మా అమ్మ దొరికింది అని ఆ పిల్ల గొంతు బస్సంతా వినబడేటట్లు పలికింది. బస్సులో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఇంకెవరో అందుకున్నారు. ఆ చప్పట్లు ఫోన్లోంచి గది నిండా వినబడ్డాయి. పిన్ని ఫోన్ను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె ముఖంలో మార్పు వచ్చింది.

“ఈయనది ఇల్లు మాత్రమే నాయనా. నన్ను వ్యాను ఎక్కించినవాడు వేరే. వెనకనుంచి ముసుగేశాడు, ముఖం చూడలేదు. కానీ మా ప్రదర్శనశాల వెనక తలుపుకు తాళం లోపలివైపే ఉంటుంది. బయటివాళ్ళు తీయలేరు. గుడ్ల సంగతి వాడికి ఇవాళ పొద్దున ఈయనే ఫోన్లో చెప్పాడు. ఇవాళే చూడ్డానికి వస్తానన్నాడట.”

ఇన్‌స్పెక్టర్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. జీపును వెనక సందులోకి తీసుకుపొమ్మని డ్రైవరుకు చెప్పాడు. ఎవరు వస్తున్నారని ట్రస్టీని అడిగితే అతను గోడ గడియారం వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. ఆ చూపు చాలింది. అతన్ని కానిస్టేబుల్‌కు అప్పగించి వంటగదిలో కూర్చోబెట్టారు. తోడల్లుళ్ళిద్దరూ తలుపుకు చెరోపక్కన నిలబడ్డారు. ఏళ్ళ తరబడి ఎడమొహం పెడమొహంగా ఉన్న మనుషులు, మాట లేకుండానే ఎవరెక్కడ నిలబడాలో అర్థం చేసుకున్నారు.

“మీరు తీయండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా. “ఈ తలుపు మీది.”

బెల్లు మోగింది. డిటెక్టివ్ గొళ్ళెం తీసి, తలుపు చాటునే ఉండి, నెమ్మదిగా లాగాడు. వచ్చినవాడి చేతుల్లో చేపల్ని తీసుకుపోయే మందపాటి ప్లాస్టిక్ కవర్ల కట్ట, ఒక చిన్న ఆక్సిజన్ సిలిండరు ఉన్నాయి. తల వంచుకుని చెప్పులు విడుస్తూనే అడిగాడు.

“పిల్లలు బయటికొచ్చాయా?”

తల ఎత్తాడు. పిన్ని మీద ఫిర్యాదు రాసిచ్చిన ప్రదర్శనశాల ఇన్‌చార్జి అతను. ఎదురుగా యూనిఫారం కనబడేసరికి కవర్ల కట్ట చేతిలోంచి జారి గడప మీద పడింది.

“పిల్లలింకా రాలేదండీ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, అతని భుజం మీద చెయ్యి వేసి లోపలికి లాగుతూ. “పిన్నిగారు వచ్చేశారు.”